పింగాణి పట్టీలు, వెండి టంకము

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవువారికి దారిపొడవునను రెండు దృశ్యములు కనబడుచుండును. ఒకటి టేకు, మద్ది, తునికి మొదలగు చెట్లతో నిండిన యడవి. రెండవది ఆ యడవిని చీల్చుకొనిపోవు విద్యుత్తు తీగల వరుస. ఆ తీగలు ఇనుప గోపురములను తాకవు. తీగకును గోపురమునకును నడుమ, పేర్చిన గిన్నెలవలె, పింగాణి పళ్లెములుగాని గాజు పళ్లెములుగాని వ్రేలాడుచుండును. అవి లేనిచో తీగలోని విద్యుత్తు గోపురముగుండ భూమిలోనికి దిగిపోవును. ఊరిలో దీపము వెలుగదు. గోపురమును తాకిన పశువునకుగాని మనుష్యునకుగాని ప్రాణాపాయము కలుగును.

మట్టిని మెత్తగా నూరి, మలచి, మిక్కిలి వేడిలో కాల్చినపుడు ఏర్పడు పింగాణి విద్యుత్తునకు త్రోవ యీయదు. ఈ గుణమును బట్టియే అది తీగలకు ఆధారమైనది. అయితే ఈ వ్యాసమున మేము ఆ పెద్ద పళ్లెములను గూర్చి వ్రాయబోవుటలేదు. వానికి చిన్న తమ్ములవంటివై, కొలత యంత్రముల గర్భమునం దణగియుండి, అదే పనిని నిశ్శబ్దముగా చేసిన పింగాణి పట్టీలను గూర్చి వ్రాయదలచితిమి.

ఈ సంగతి మన పిల్లల కేల యని తలిదండ్రులు కొంద రడుగవచ్చును. మన బాలబాలికలలో పలువురు ముందుముందు విద్యుత్కేంద్రములలోను, బొగ్గుగనులలోను, యంత్రముల మరమ్మతు దుకాణములలోను జీవనము సంపాదించుకొందురు. పట్టణములందలి కళాశాలలవారు తమకు అక్కర తీరిన పాత యంత్రములను పల్లె పాఠశాలలకు దానమిచ్చుటయు కలదు. అట్టి యంత్రము చేతికి వచ్చినపుడు దానిని బ్రదికించుటయు చంపుటయు ఒక చిన్న సంగతిని తెలియుటయందును తెలియకుండుటయందును ఉన్నది. ఆ చిన్న సంగతియే యీ పాఠము.

ఆసిలోస్కోపు అననేమి?

వైద్యుడు రోగి నాడిని వ్రేళ్లతో పట్టి చూచునట్లు, విద్యుత్తు యొక్క నాడిని కంటికి చూపు యంత్రమును ఆసిలోస్కోపు అందురు. దీని ముఖ్యావయవము ఒక గాజు బుడ్డి. ఇట్టి బుడ్డిని 1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిర్మించెను. దానిలో ఎలక్ట్రానుల సన్నని ధార యొకటి తెరమీద పడి వెలుగుచుక్కను కలిగించును. పరీక్షింపదగిన విద్యుత్తు ఆ ధారను పైకిని క్రిందికిని లాగును. యంత్రములోని మరియొక విద్యుత్తు దానిని ఎడమనుండి కుడికి నడిపించును. అందుచేత చుక్క గీతయై, విద్యుత్తు యొక్క హెచ్చుతగ్గులను తెరమీద చిత్రించును.

ఇట్టి యంత్రములను చేయుటలో పేరుపొందినది అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమునకు చెందిన టెక్ట్రానిక్సు సంస్థ. దీనిని హోవర్డు వోలమ్, జాక్ మర్డాక్ మొదలగువారు 1946లో పోర్ట్‌లండు నగరమున స్థాపించిరి. వారి మొదటి ఆసిలోస్కోపు 511 అను సంఖ్యతో 1947లో వెలువడెను. అవి వాల్వుల కాలపు దినములు. ఒక్కొక్క యంత్రమున పదులకొలది వాల్వులును, వానికి పరివారమువలె వందలకొలది రెసిస్టరులు, కండెన్సరులు, తీగచుట్టలును ఉండెడివి. ఈ చిన్న వస్తువుల నన్నిటిని గాలిలో వ్రేలాడగట్టుట సాధ్యము కాదు. ప్రతిదాని రెండు కొనలకును ఒక గట్టి ఆధారము కావలెను. ఆ ఆధారము విద్యుత్తును తనగుండ పోనీయరాదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

తేమ చేయు అపకారము

తొలుత సాధారణ రేడియోలలో ఈ పనికి గోధుమరంగు అట్టవంటి పట్టీలను వాడుచుండిరి. కాగితపు పొరలను బేకలైటు జాతికి చెందిన జిగురుతో తడిపి, వేడిచేసి, అదిమి వీనిని చేయుదురు. చవుకయైనవి, తేలికయైనవి, పగులనివి. కాని వానికొక దోషము కలదు. కాగితము ఎంత జిగురు త్రాగినను కాగితమే. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. తేమను పీల్చిన పట్టీగుండ కొంచెము కొంచెముగా విద్యుత్తు కారిపోవుచుండును.

కొంచెము కారినంతమాత్రమున నేమి యందురా? లెక్కవేసి చూతము. జర్మను దేశస్థుడగు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమే మన కిచ్చట చాలును. ఒక వాల్వుకు సంబంధించిన కొనయందు 300 వోల్టులు కలవనుకొనుడు. ఆ కొన ప్రక్కనే, అదే పట్టీమీద, తరువాతి వాల్వు యొక్క గ్రిడ్డుకు పోవు కొన యున్నది. గ్రిడ్డునకును భూమికిని నడుమ 10 లక్షల ఓముల రెసిస్టరు కలదు. పట్టీ తేమను పీల్చుటచేత ఆ రెండు కొనలకు నడుమ 1 కోటి ఓముల నిరోధము మాత్రమే మిగిలెననుకొనుడు. రెండు నిరోధములును కలిసి 1 కోటి 10 లక్షల ఓములు. 300ను దీనిచే భాగించినచో ఆంపియరును పది లక్షల భాగములు చేయగా అందు సుమారు 27 భాగముల విద్యుత్తు వచ్చును. అంత సూక్ష్మమైన ప్రవాహమే 10 లక్షల ఓముల రెసిస్టరుగుండ పోవునప్పుడు గ్రిడ్డునొద్ద 27 వోల్టులను కలిగించును. రెండు మూడు వోల్టుల తేడాతోనే నడువవలసిన గ్రిడ్డుమీద 27 వోల్టులు పడినచో ఆ వాల్వు చెప్పునదంతయు అబద్ధమగును.

అదే లెక్కను మంచి పింగాణి పట్టీతో వేయుడు. పొడిగాను శుభ్రముగాను ఉన్న పింగాణియందు రెండు కొనల నడుమ 1,000 కోట్ల ఓములు కలవనుకొన్నచో గ్రిడ్డునొద్ద కలుగు దోషము 0.03 వోల్టు మాత్రమే. ఇరువది యేడు వోల్టు లెక్కడ, వోల్టులో నూరింట మూడు వంతు లెక్కడ! కొలత యంత్రమునకు ఇది గొప్ప భేదము. రేడియో కొంచెము తప్పినచో పాట కొంచెము చెడును. కొలత యంత్రము తప్పినచో దానిని నమ్మి చేసిన పనులన్నియు తప్పును. తప్పు తక్కెడతో వర్తకము చేయుట వంటిది ఇది.

మన అడవి ప్రాంతమువారికి తేమ యనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. శ్రావణ భాద్రపదములలో పెట్టెలోని పుస్తకముల అట్టలకు బూజు పట్టుటయు, ఉప్పు జాడీలో నీరూరుటయు ప్రతి యింటివారికిని తెలిసినదే. భద్రాచలమునొద్ద గోదావరి 1986లో 75.6 అడుగుల వరకును, 2022 జూలైలో 71.3 అడుగుల వరకును పొంగినది. అట్టి యేండ్లలో వరద సోకని యిండ్లయందుకూడ గోడలు చెమర్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బర్మా అడవులలోను పసిఫిక్ దీవులలోను సైన్యముల రేడియో యంత్రములు గుండు దెబ్బలవలననే కాక తేమవలనను బూజువలనను కూడ చెడిపోయెను. ఆ యనుభవమునుండియే యంత్రములను ఉష్ణదేశములకు తగినట్లు నిర్మించుట యను విద్య వృద్ధిపొందెను. పింగాణి యొక్క విలువ అప్పుడు మరింత స్పష్టమాయెను.

పట్టీ యొక్క నిర్మాణము

టెక్ట్రానిక్సువారు 1950వ దశకమునుండి 1960వ దశకపు చివరివరకు తమ యంత్రములలో విరివిగా పింగాణి పట్టీలను వాడిరి. వానిని తమ కర్మాగారముననే చేసికొనుచుండిరి. పట్టీ తెల్లగా, సన్నగా, నిలువుగా నుండును. పై యంచున దువ్వెన పండ్ల సందులవలె వరుసగా గాడులు కలవు. ఒక్కొక్క పట్టీలో పొడవునుబట్టి కొన్ని గాడులు తక్కువగాను కొన్ని ఎక్కువగాను ఉండును. ప్రతి గాడియొక్క లోపలి ప్రక్కలకు వెండిపూత పూయబడియుండును. పట్టీ క్రింది భాగమున చిన్న కాళ్లు కలవు. అవి ప్లాస్టిక్ బిరడాలగుండ యంత్రపు లోహపు పలకలోని రంధ్రములలో బిగిసికొనును.

ఇట్టి పట్టీలను రెండింటిని ఎదురెదురుగా నిలిపి, ఒకదాని గాడినుండి రెండవదాని గాడికి రెసిస్టరులను కండెన్సరులను నిచ్చెన మెట్లవలె అమర్చుదురు. దీనివలన కలుగు లాభములు మూడు. మొదటిది, ప్రతి వస్తువునకును చుట్టును గాలి యాడును. వాల్వుల వేడి నిలువదు. రెండవది, ప్రతి వస్తువు యొక్క రెండు కొనలును కంటికి కనబడును. కొలత తీయుటకు సూది మోపవచ్చును. మూడవది, చెడిన దానిని ప్రక్కవానికి హాని కలుగకుండ తీసి వేరొకటి పెట్టవచ్చును. ఇట్టి యంత్రమును తెరచి చూచినవారికి అది పొందికగా సర్దిన వంటయింటి అరవలె తోచును.

పింగాణికి వెండి యంటుకొనుట యెట్లు? పింగాణికిని లోహమునకును సహజముగా చుట్టరికము లేదు. కరిగిన సీసమును కుండపెంకుమీద పోసి చూడుడు. అది చేమాకుమీది నీటిబొట్టువలె జారిపోవును. అందుచేత సాధారణముగా వెండి పొడిని మెత్తని గాజుపొడితోను నూనెతోను కలిపి లేపనముగా చేసి, పింగాణికి పూసి, కొలిమిలో కాల్చుదురు. నూనె మండిపోవును. గాజు కరిగి ఒకవైపు పింగాణిని, మరియొకవైపు వెండిని పట్టుకొనును. ఇట్లేర్పడిన వెండిపొర మిక్కిలి పలుచనిది. మీదుమిక్కిలి ఆ పొరయే లోహమునకును మట్టికిని నడుమనున్న వంతెన. ఆ వంతెన తెగినచో ఆవలి యొడ్డునకు దారి లేదు.

ఉప్పునీటి పాఠము

ఇప్పుడు ఈ వ్యాసమునకు ప్రాణమైన సంగతికి వచ్చితిమి. లోహములను అతుకుటకు వాడు మిశ్రలోహమును మన కంసాలులు మాటు అనియు టంకము అనియు అందురు. బజారులో సోల్డరు అందురు. విద్యుత్తు పనులలో చిరకాలము వాడబడిన సోల్డరు తగరము, సీసములతో చేసినది. తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద కరగును. సీసము 327 డిగ్రీలయొద్ద కరగును. కాని 63 పాళ్లు తగరమును 37 పాళ్లు సీసమును కలిపినచో ఆ మిశ్రమము 183 డిగ్రీలయొద్దనే కరగును. రెండింటికంటెను కలిసినదే త్వరగా కరగుట వింత. వెండి యొంటిగా కరగవలెనన్నచో 962 డిగ్రీల వేడి కావలెను.

ఇంత భేదముండగా సోల్డరు వేడికి గాడిలోని వెండి కరగదుగదా యని మీ రనవచ్చును. అది కరగుట కాదు, లీనమగుట. ఉప్పు 801 డిగ్రీలవరకు వేడిచేసినగాని కరగదు. అయినను చల్లని నీటిలో వేసినచో కలిసిపోవుచున్నది. అట్లే కరిగిన తగరమున వెండి లీనమగును. సామాన్యమైన తగరపు సోల్డరును గాడిలో కరిగించిన ప్రతిసారియు అది ఆ పలుచని పూతనుండి కొంత వెండిని తినివేయును. వేడి యెక్కువయైన కొలదియు, కాలము ఎక్కువయైన కొలదియు తిండి యెక్కువ. కొన్ని సారు లిట్లు జరుగగా పూత పోయి వట్టి పింగాణి బయటపడును. అప్పుడు ఎంత నేర్పరియైనను ఆ గాడిలో అతుకు నిలుపలేడు.

దీనికి విరుగుడేమి? బాలురారా, మీరే ఇంటియొద్ద పరీక్ష చేయుడు. ఒక గిన్నెలో 100 గ్రాముల నీరు తీసికొని ఉప్పు కొంచెము కొంచెముగా వేసి కలుపుడు. సుమారు 36 గ్రాములవరకు కలిసిపోవును. ఆ తరువాత వేసిన ఉప్పు కలియక అడుగున నిలుచును. నీటికి ఉప్పు ఆకలి తీరినది. ఆ నీటిలో ఒక ఉప్పుగల్లును దారము కట్టి వ్రేలాడదీయుడు, అది తరుగదు. వేరొక గల్లును మంచినీటిలో వ్రేలాడదీయుడు. అది కొంతసేపటికి మాయమగును.

టెక్ట్రానిక్సువారు పన్నిన ఉపాయ మిదియే. సోల్డరులో ముందుగనే సుమారు నూటికి 3 పాళ్లు వెండిని కలిపిరి. నూరు తులముల సోల్డరున మూడు తులముల వెండి యన్నమాట. వెండి ఆకలి ముందే తీరియున్న సోల్డరు గాడిలోని వెండిని తినబోదు. తగరము 62, సీసము 36, వెండి 2 పాళ్లుగా కలిసిన సోల్డరును కూడ ఇటువంటి పనులకు ఇతరులు వాడుచుందురు; అది 179 డిగ్రీలయొద్దనే కరగును. పాత వస్త్రమునకు క్రొత్త గుడ్డ మాసిక వేయరాదను ఉపమానమును మన పిల్లలు ఆదివారపు బడిలో వినియేయున్నారు. అతుకునట్టిది అతుకబడుదాని స్వభావమును ఎరిగియుండవలెనను నీతి లోహములయందును చెల్లుచున్నది.

మా మనస్సును మిగుల నాకర్షించిన విషయ మొకటి కలదు. ఆ కర్మాగారమువారు తమ యంత్రములను అమ్మునపుడు పెట్టె లోపలనే, లోహపు పలకకు తగిలించి, వెండి సోల్డరు చుట్ట యొక చిన్నదానిని ఉంచి పంపుచుండిరి. ఏ దేశమున, ఏ కాలమున, ఎవరు ఈ యంత్రమును తెరతురో వారికి తెలియదు. అయినను తెరచు నా పరదేశికి సరియైన పదార్థము చేతికందునట్లు చేసిరి. తన పని తరువాత దానిని బాగుచేయువాని పనిని గూర్చికూడ తలచుట మంచి పనివాని లక్షణము.

బాగుచేయువారు పాటింపవలసిన నియమములు

ఇట్టి యంత్రము చేతికి వచ్చినపుడు ఈ క్రింది నియమములను మరువరాదు.

1. ముందుగా ప్రాణరక్షణ. వాల్వుల యంత్రములలో వందలకొలది వోల్టులును, చిత్రపు బుడ్డియొద్ద వేలకొలది వోల్టులును ఉండును. ప్లగ్గు తీసిన తరువాతకూడ కండెన్సరులలో విద్యుత్తు నిలిచియుండి ప్రాణము తీయగలదు. ఉపాధ్యాయుడు ప్రక్క నుండి, వానిని తగిన రెసిస్టరుద్వారా ఖాళీచేసి, మీటరుతో చూచి చెప్పినగాని విద్యార్థి లోపల చేయి పెట్టరాదు.

2. వెండి కలిసిన సోల్డరునే వాడవలెను. అది దొరకని యెడల మంచిరోజు వచ్చువరకు ఆగుట మేలు. తప్పనిసరియై ఒకసారి సామాన్యమైన సోల్డరును కొద్దిపాటి వేడితో వాడినంతమాత్రమున పట్టీ చావదు. అలవాటుగా వాడినచో చచ్చును.

3. సోల్డరింగు ఐరను యొక్క మొన ఉలివలె పలుచనై, శుభ్రముగా తగరము పూసియుండవలెను. మొన యొక మూలను గాడికి తాకించి, సోల్డరు పారునంత వేడి మాత్రమే యిచ్చి, వెంటనే తీసివేయవలెను.

4. గాడిని నిండుగా నింపరాదు. తీగ మునిగి, దానిచుట్టును చిన్న వాలు ఏర్పడినంత చాలును. సోల్డరు చల్లారునపుడు పింగాణికంటె ఎక్కువగా ముడుచుకొనును. నిండుగా పోసిన సోల్డరు ముడుచుకొనుచు పట్టీనే పగులగొట్టును. ఉదారముగా పోసితిమని సంతోషించువాడు మరునాడు విరిగిన పట్టీని చూచి విచారించును.

5. తీగను లాగుటకు బలము చూపరాదు. సోల్డరు పూర్తిగా కరిగిన తరువాత పట్టకారుతో మెల్లగా పైకెత్తవలెను. పింగాణి భారమును మోయును గాని మెలికను సహింపదు.

6. పట్టీమీది ధూళిని మెత్తని కుంచెతో తుడువవలెను. ధూళి తేమను పట్టియుంచును. పింగాణి తాను నీరు త్రాగకపోయినను పైనున్న మురికి త్రాగును. విద్యుత్తు ఆ మురికిమీదుగా నడచిపోవును.

7. సీసము విషము. పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు. పొగను పీల్చరాదు; కిటికీ తెరచియుంచవలెను.

8. సీసము లేని క్రొత్త సోల్డరును దీనికి వాడరాదు. అందు కొన్నింట వెండి 3 పాళ్లు ఉన్నమాట నిజమే. కాని మిగిలినదంతయు దాదాపు తగరమే యగుటచేతను, అది కరగుటకు సుమారు 217 డిగ్రీల వేడి కావలసియుండుటచేతను, పాత పూతకు దానివలన ప్రమాదమెక్కువ.

మన నేలయు ఈ విద్యయు

ఈ విద్యయంతయు సముద్రముల కావలిదే యని మన పిల్లలు తలంపరాదు. వాల్వుల కాలమున విద్యుత్తును నిరోధించుటకు పింగాణితో సమానముగా వాడబడిన పదార్థము అభ్రకము. దీనినే మనవారు కాకిబంగారము అందురు. కండెన్సరుల లోహపు రేకుల నడుమ పొరగాను, వాల్వులోపలి కడ్డీలను నిలబెట్టు రంధ్రపు పలకగాను అది ఉపయోగపడెను. నెల్లూరు మండలమునందలి గూడూరు ప్రాంతపు అభ్రకము చిరకాలము విదేశములకు ఎగుమతియైనది. దూరదేశపు రేడియోలలో మన తెలుగు నేల ముక్కలు పనిచేయుచుండెనని చెప్పవచ్చును.

మన ఖమ్మపు సీమలోనే దొరకు మరియొక రాయి కురువిందము. సానరాయిగా దీనిని మనవారు పూర్వమునుండి ఎరుగుదురు. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన కోరండము అను పేరు మన ద్రావిడ భాషల మాటనుండియే పుట్టినది. కురువిందము రసాయనశాస్త్ర రీత్యా అల్యూమినియము, ఆమ్లజనిల సమ్మేళనము. దీనినే అల్యూమినా యందురు. నేటి యంత్రములలో ఉత్తమమైన పింగాణి పలకలు పెక్కులు శుద్ధమైన అల్యూమినాతోనే చేయబడుచున్నవి. కత్తికి సానపట్టు రాయియు, విద్యుత్తును అడ్డగించు పలకయు ఒక్కటే పదార్థమగుట ఆశ్చర్యకరము గదా!

విద్యనుగూర్చియు అట్లే చెప్పవచ్చును. పశ్చిమ గోదావరి మండలమున మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ విశ్వవిద్యాలయమునందును, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందును చదివి, హోమీ భాభాగారి యొద్ద చేరిరి. 1956లో నడువనారంభించిన అప్సర అను మన దేశపు మొదటి అణురియాక్టరునకు కావలసిన ఎలక్ట్రానిక్ నియంత్రణ సాధనములు వారి నాయకత్వమున దేశముననే తయారాయెను. 1967లో హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినపుడు దానికి వారే నాయకులైరి. ఆ నగరమున వారి పేరిట ఏ.యస్. రావు నగరము వెలసియున్నది. కొనితెచ్చిన యంత్రమును వాడుటతో తృప్తిపడక, దానిని విప్పి, అర్థము చేసికొని, తామే చేయ సాహసించినవారివలననే దేశమునకు ఇట్టి విద్యలు వచ్చినవి. పల్లెటూరి బడియందు చదువు మొదలుపెట్టిన బాలునకు ఇది సాధ్యమా యని శంకించువారికి వారి జీవితమే సమాధానము.

తరువాతి కథ

1960వ దశకమున ట్రాన్సిస్టరులు వాల్వుల స్థానమును ఆక్రమించెను. రాగి రేకును అంటించిన పలకలమీద దారులను ముద్రవలె చెక్కి, ఆ పలకలమీదనే చిన్న వస్తువులను అతుకు పద్ధతి వచ్చెను. ట్రాన్సిస్టరులు తక్కువ వోల్టులతో పనిచేయుటచేతను, వేడి తక్కువ యగుటచేతను, క్రొత్త పలకలు గాజునారతో చేయబడి తేమను మునుపటంతగా పీల్చకుండుటచేతను పింగాణి పట్టీల అక్కర తగ్గెను. చేతితో ఒక్కొక్క అతుకు వేయుటకు పట్టు కాలమును కూలియు క్రొత్త పద్ధతియందు మిక్కిలి తగ్గెను. ఇది న్యాయమైన మార్పే. పాతదానిని వట్టి మమకారముచేత పొగడుట మా ఉద్దేశము కాదు. అయినను వెండిపూతయు వెండి సోల్డరును నేర్పిన పాఠము వ్యర్థము కాలేదు. మీ చేతి ఫోనులో నువ్వుగింజకంటె చిన్నవైన పింగాణి కండెన్సరులు వందలకొలది కలవు. అట్టి చిన్న వస్తువుల వెండి కొనలను అతుకునపుడు కూడ, వెండిని సోల్డరు తినివేయకుండ చూచుట అను ప్రశ్నయే పనివారికి ఎదురాయెను.

ఈ పట్టీలతో చేసిన యంత్రములు కొన్ని డెబ్బది యేండ్లు దాటినను లోకమున అచ్చటచ్చట పనిచేయుచున్నవి. వానియందు చెడునది పెక్కుసారులు కండెన్సరో వాల్వో. పట్టీ మాత్రము చెక్కుచెదరక నిలిచియుండును. అది పాడగుట చాలవరకు బాగుచేయబోయిన చేతివలననే జరుగును. ఇది గమనింపదగిన మాట. చెడ్డ తలంపుతో యంత్రమును ఎవరును తెరువరు. మంచి తలంపుతో, తెలియని చేతితో తెరచి, పది నిమిషములలో పది తరములకు నిలువదగిన దానిని పాడుచేయుదురు. మంచి మనస్సునకు తోడుగా తెలిసిన చేయి కావలెను. ఆ రెండింటిని కూర్చుటకే పాఠశాల యున్నది.

కాబట్టి విద్యార్థులారా, మీరు ఏ యంత్రమును తెరచినను, ముందుగా దానిని చేసినవా రెట్లు తలచిరో తెలిసికొన యత్నింపుడు. ఏ వస్తువు దేనితో అతుకబడినదో, ఎందుకట్లు అతుకబడినదో విచారింపుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ పాడైన గడియారమునో టార్చిలైటునో విప్పి కూర్చున్నచో వెంటనే కోపింపక, ఒక పళ్లెములో మరలను వరుసగా పెట్టుకొమ్మని చెప్పుడు. తిరిగి బిగించి చూపుమని యడుగుడు. మీరు వారి కిచ్చు ఆ కొద్దిపాటి యోర్పు, ఆ పెట్టెలో దాచి పంపిన వెండి సోల్డరు చుట్టవలె, ఎన్నడో ఎక్కడనో అక్కరకు వచ్చును.